పిడి కింది పిచ్చుక కాలు

చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిడతాను. ముప్ఫై ఆరేళ్లుగా ఉస్తా హైదర్‌ని తిడుతూనే ఉన్నాను. పొద్దున కొలిమి రాజేసేటప్పుడు ఒక విడత, సాయంత్రం ఆర్పేటప్పుడు ఒక విడత. మధ్యలో ఎవడైనా ఆయన పేరెత్తాడా, అది వేరే. మా చుస్త్ ఊరి బజారులో కత్తుల కొట్లవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నేను రేగిపోతుంటే చూసి నవ్వుకోవడానికి కొందరు పనిగట్టుకుని నా ముందే ఆయన్ని పొగుడుతారు.

నా పేరు కంబరాలి. నాకు అరవై ఎనిమిదేళ్లు. పదమూడో ఏట మా నాన్న నన్ను హైదర్ కొలిమి దగ్గర దింపి, "మాంసం మీది, ఎముకలు మావి" అని ఆయనతో ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. పిల్లవాణ్ణి పనిలో పెట్టేటప్పుడు అందరూ అనే మాటే అది. కొట్టండి, తిట్టండి, మనిషిని చేసి తిరిగివ్వండి అని దాని అర్థం. హైదర్ నా మాంసంతో ఆగలేదు. నా పేరు కూడా తినేశాడు మహానుభావుడు.

మా వృత్తిలో కట్టుబాటు ఒకటుంది. ఉస్తా, అంటే పని నేర్పిన గురువు, పెద్దల ముందు అరచేతులెత్తి ఫాతిహా దీవెన చదివి, శిష్యుడి నడుముకి గుడ్డ కట్టి, సుత్తి చేతికిచ్చేదాకా శిష్యుడికి సొంత ముద్ర ఉండదు. వాడు చేసిన ప్రతి కత్తి అలుగు మీదా, అంటే కోసే భాగం మీద, ఉస్తా ముద్రే కొట్టాలి. మామూలుగా ఐదారేళ్లకి ఆ రోజు వస్తుంది. మరీ మొద్దువాడైతే ఎనిమిదేళ్లు. నాకు పంతొమ్మిదేళ్లు పనిచేసినా రాలేదు. అడిగినప్పుడల్లా "ఇంకా పచ్చిగానే ఉన్నావురా పిచ్చుకా" అనేవాడు. బక్కపలచగా ఉండేవాణ్ణని నాకు పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆయన పోయిన నలభయ్యో రోజు విందులో, పలావు తింటున్న మొహల్లా పెద్దలు నన్ను చూసి జాలిపడి, చేతులకంటిన కొవ్వు తుడుచుకుంటూ ఫాతిహా ఇచ్చారు. ముప్ఫై రెండేళ్లవాడికి, ఇద్దరు పిల్లల తండ్రికి, భిక్షం వేసినట్టు. ఆ రోజు నుంచి నా ముద్ర నాకుంది. వీపు వీపు ఆనుకున్న రెండు బాదంపప్పులు.

ఈ ఏడు నవ్‌రోజ్ పండగ వెళ్లిన వారానికి ఒకామె పాత తోలుపెట్టె ఒకటి ఈడ్చుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. కళ్లజోడు, తలకి రుమాలు, బూట్ల నిండా బురద.

"అస్సలాం బాబాయ్. నేను నిగ్మత్ డాక్టర్‌గారి అమ్మాయిని. ముయస్సర్. నమంగాన్‌లో బళ్లో కెమిస్ట్రీ చెప్తాను."

నిగ్మత్ పశువుల డాక్టరు. నలభై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ మోటారుసైకిల్ మీద తిరిగాడు. ఎవరింట్లోనైనా ఆవుకి కాన్పు చేసి, చేతులు కడుక్కుంటూ గోడకి వేలాడే కత్తి చూశాడంటే అది ఆయన సంచిలోకి చేరాల్సిందే. పోయిన శీతాకాలం పోయాడని విన్నాను.

"మీ నాన్న కత్తుల కోసం పుట్టాడమ్మా, పొరపాటున దూడల దగ్గరికెళ్లాడు. లోపలికి రా. ఒరే సోబిర్, ఆ బల్ల మీద ఉన్ని నమదా పరిచెయ్."

సోబిర్ నా శిష్యుడు. నలభై ఒక్కేళ్లు. పంతొమ్మిదో ఏట వచ్చాడు, ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. మాట తక్కువ. ఆకురాయి పక్కన పెట్టి, బల్ల మీద నమదా పరిచి, మళ్లీ తన మూలకి వెళ్లి కూర్చున్నాడు.

ముయస్సర్ పెట్టె తెరిచి కత్తులు ఒక్కొక్కటే నమదా మీద పేర్చింది. ముప్ఫై నాలుగు. ఒకటి నా వైపు చాపబోతే నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"చేతికివ్వకమ్మా. కింద పెట్టు, నేనే తీసుకుంటాను. చేతిలోంచి చేతిలోకి కత్తి మారితే ఇద్దరి మధ్యా పగే మిగులుతుంది. మీ నాన్న చెప్పలేదూ?"

"చెప్పాడు బాబాయ్. నాకే బుద్ధి లేదు." నవ్వి కింద పెట్టింది. "నాన్న నోటుబుక్కులో సగం కత్తులకి పేర్లున్నాయి, సగానికి లేవు. తాష్కెంట్‌లో ఒక మ్యూజియంవాళ్లు తీసుకుంటామన్నారు. కానీ ఒక్కో కత్తి కిందా చేసినాయన పేరుతో కార్డు పెట్టాలట. పేరు తెలియనివన్నీ గోదాములోకే."

"అంటే గాజుబీరువాలో ఏవి కూర్చోవాలో, గోదాములో ఏవి పడి తుప్పుపట్టాలో నా నోట్లో ఉందన్నమాట."

"అందుకేగా బురదలో ఇంతదూరం వచ్చింది. ముద్రలన్నీ చూసి పోల్చగలిగిన మనిషి ఇక మీరొక్కరే మిగిలారంటున్నారు."

పొగిడితే ఎవడికి చేదు? నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను.

ముద్ర చూసి పేరు చెప్పడం పెద్ద విద్య కాదు, అది బజారులో తిరిగే ఎవడైనా చెప్తాడు. తండ్రి ముద్రే కొడుకు కొడతాడు, అన్న ముద్ర తమ్ముడు అరువు తీసుకుంటాడు, దొంగముద్రలు వేరే ఉన్నాయి. చేసిన చెయ్యి ఏదో తెలియాలంటే అలుగుని గోటితో కొట్టి మోత వినాలి. వేలి మీద ఆనించి బరువు ఎటు తూగుతుందో చూడాలి. పిడికీ అలుగుకీ మధ్య తగరపు పట్టీలో చెక్కిన పువ్వుకి ఎన్ని రేకులున్నాయో, చివరి రేకు దగ్గర చెయ్యి అలిసిందో లేదో చూడాలి. నా చేతులు పదేళ్లుగా వణుకుతున్నాయి కానీ వేళ్ల జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

"ఇది షహరిఖాన్ ఊరిది. వీపు చూడు ఎంత మందమో, వాళ్లకి ఇనుమంటే లెక్కలేదు. ఇది మా వీధి చివర చెవిటి మామరజబ్‌ది. మోత వినలేడు కాబట్టి ఆయన కత్తులన్నీ మూగవే, చూడు. ఇది... థూ! ఇది ఫ్యాక్టరీది. మీ నాన్నని ఎవడో మోసం చేశాడు."

"ఇదొక్కటి పెళ్లిలో బహుమతిగా వచ్చింది బాబాయ్."

"అయితే ఆ పెళ్లి నిలబడి ఉండదు."

"నిలబడలేదు బాబాయ్, నా పెళ్లే అది" అని ఆమె పకపకా నవ్వింది. నాకా అమ్మాయి నచ్చింది.

మా ఆవిడ ఖైరినిసా టీ, రొట్టె, ఎండుద్రాక్ష తెచ్చి పెట్టింది. మొదటి కప్పు నాకు కాదు, సోబిర్‌కి పోసింది. ఎప్పుడూ అంతే. "ఈ పెద్దాయన హైదర్ పురాణం మొదలెట్టాడా ఇంకా లేదా?" అని ముయస్సర్‌ని అడిగింది. "ఇంకా లేదు పిన్నీ" అంది ఆ అమ్మాయి. "అయితే టీ గబగబా తాగు తల్లీ, తర్వాత తాగనివ్వడు."

అప్పటికి ఇరవై నాలుగు కత్తులయ్యాయి. మిగిలిన పదింట్లో తొమ్మిది ముయస్సర్ ఒక్క బొత్తిగా, ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చింది. గుడ్డ విప్పగానే కనిపించింది. నెలవంక, దాని కింద మూడు చుక్కలు, రాగి నింపిన ముద్ర. హైదర్‌ది.

"ఇవి అడగక్కర్లేదు బాబాయ్. తొమ్మిదీ ఉస్తా హైదర్‌వేనని నాన్న రాసుకున్నాడు. మ్యూజియంవాళ్లు ఫోటోలు చూసి ఎగిరి గంతేశారు. మధ్య బీరువా మొత్తం ఆయనకే ఇస్తారట."

నేను ఒక్కొక్కటే తీసి చూశాను. మోత వినే పని కూడా లేదు. కన్నబిడ్డని మోత విని గుర్తుపడతామా? మూడు ఒక పక్కకి నెట్టాను. ఆరు నా ముందు పెట్టుకున్నాను.

"ఆ మూడూ ఆయనవి. ఈ ఆరూ నావి."

ముయస్సర్ అర్థం కానట్టు చూసింది. ఇక ఆపుకోలేకపోయాను. పంతొమ్మిదేళ్ల కథ అంతా చెప్పాను. ఒకసారి ఒక కత్తి చూసి జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి హైదర్‌ని కావలించుకున్నాడు, ఆ కత్తి చేసిన నేను పక్కనే టీకెటిల్ పట్టుకుని నిలబడ్డాను. హైదర్ నా వైపు చూసి, "ఒరే పిచ్చుకా, కప్పులు ఖాళీ అయ్యాయి, కనపట్టంలేదా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"దొంగ!" అన్నాను. "శిష్యుడి చేతులు తిని బతికిన దొంగ. ఫాతిహా ఇస్తే నేను వెళ్లిపోతానని భయం. వెళ్లిపోతే ఆయన కొట్లో మిగిలేదేంటి? అప్పటికే ఆయనకి చూపు మందగించింది. నా కష్టం మీద ఆయన పేరు నిలబడింది. వాడి సమాధి మీద గడ్డి కూడా మొలవకూడదు!"

"మొదలైంది" అంది ఖైరినిసా గుమ్మంలోంచి. "చచ్చినాయన ఎముకలు కూడా అరిగిపోయుంటాయి నీ నోట్లో పడి. గురివింద గింజకి కూడా కింద నలుపుంటుందయ్యా, కాస్త చూసుకో. నవ్‌రోజ్‌కి సోబిర్‌కి ఫాతిహా ఇస్తానన్నావు. నవ్‌రోజ్ వచ్చింది, పోయింది."

"నువ్వెళ్లి నీ పొయ్యి చూసుకో. అది ఇప్పుడు మాట్లాడే విషయమా?"

"ఎప్పుడూ ఇప్పుడు కాదు" అనేసి వెళ్లిపోయింది. మూలన సోబిర్ ఆకురాయి ఆగలేదు.

ముయస్సర్ కళ్లజోడు సర్దుకుంది. "బాబాయ్, నేను నమ్ముతున్నాను. కానీ వాళ్లు నమ్మాలిగా. ముద్ర ఆయనది, నోటుబుక్కులో పేరు ఆయనది. మీవేననడానికి మీ మాట తప్ప ఏముంది?"

"ఆకురాయి గీతలు చూడు, ఎడమ నుంచి వాలి ఉన్నాయి. నాది ఎడమచేతి వాటం."

"చుస్త్ మొత్తంలో ఎడమచేతివాళ్లు మీరొక్కరేనా?"

బళ్లో చెప్పే మనిషి కదా, వదలదు. నేను సోబిర్ వైపు చూశాను. నాకో రహస్యం ఉంది, ఈ లోకంలో నేను చెప్పింది వాడొక్కడికే. ఒక శీతాకాలం మంచు పడి బజారు మూసేస్తే, ఇద్దరం కొలిమి దగ్గర కూర్చుని టీ తాగుతుంటే నోరు జారాను.

"పిడి కింద చూడాలి" అన్నాను. "పిడి ఎముక బిళ్లలు రెండువైపులా మేకులతో బిగిస్తాం. ఆ బిళ్లల కింద దాక్కున్న ఇనుము మీద నేను ఒక గుర్తు గీసేవాణ్ణి. మూడు గీతలు. పిచ్చుక కాలు. కెటిల్ పట్టుకుని నిలబడ్డ ఆ రోజు మొదలుపెట్టాను. దొరికితే ఆయన నా నడుం విరగ్గొట్టేవాడు. ఫాతిహా లేకుండా గుర్తు పెట్టుకోవడమంటే మాలో ఉస్తా ఇంట్లో దొంగతనం చేసినట్టే. అయినా పెట్టుకున్నాను. నోరు అబద్ధమాడుతుందమ్మా, పైన కొట్టిన ముద్ర కూడా అబద్ధమాడుతుంది. పిడి కింది ఇనుము ఆడదు."

"కానీ పిడి పగలగొడితే కత్తి పాడైపోదా?"

"పగలదు." ఆ మాట సోబిర్‌ది. లేచి వచ్చాడు. "ఏది విప్పమంటారు ఉస్తా?"

ఆరింట్లోనూ మంచిది చూపించాను. వాడు మేకుల తలలు సన్నని ఆకురాయితో అరగదీశాడు. పిడిని తడిగుడ్డలో చుట్టి నిప్పుల దగ్గర పట్టాడు, జిగురు మెత్తబడేదాకా. యాభై ఏళ్ల నాటి ఎముక, ఊపిరి గట్టిగా వదిలితే బీటలు వారుతుంది. సోబిర్ గోరు దూర్చి బిళ్లని లేపిన తీరు, నిద్రపోతున్న పసిపిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టుంది. వాడు అలా చేయగలడని నాకు తెలుసు. వాడు ఏమేం చేయగలడో నాకే తెలుసు, మరెవరికీ తెలియదు.

పాత జిగురు గీకి తుడిచాడు. కింద పెట్టాడు. మూడు గీతలు. ఒక చిన్న పిచ్చుక కాలు.

నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి. పంతొమ్మిదేళ్లు ఊడిగం చేసి ముప్ఫై ఆరేళ్లు తిట్టుకున్నవాడికి ఇంకేం చేయాలో ఎలా తెలుస్తుంది? ముయస్సర్ కూడా కళ్లు తుడుచుకుంటూ తన ఫోనుతో పది ఫోటోలు తీసింది.

"ఒక్కటి చాలు బాబాయ్. మిగిలిన ఐదూ దీని తోబుట్టువులేనని ఎవరికైనా తెలుస్తుంది. మధ్య బీరువా హైదర్‌గారిది కాదు, మీది. ఆరు కార్డుల మీదా మీ పేరే ఉంటుంది. నేను దగ్గరుండి రాయిస్తాను."

"రాయించు తల్లీ. పెద్ద అక్షరాలతో రాయించు. వాడు సమాధిలోంచి లేచి చదువుకోవాలి."

అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! పెట్టెలో ముప్ఫై నాలుగోది మిగిలింది. ముయస్సర్ దాన్ని ఒరలోంచి తీసి, రెండు చేతులతో నమదా మీద పెట్టింది. కొండమేక కొమ్ము పిడి, సన్నని తిన్నని అలుగు, పట్టీలో పదహారు రేకుల పువ్వు. చివరి రేకు మొదటి రేకంత తాజాగా ఉంది. అలుగు మీద వీపు వీపు ఆనుకున్న రెండు బాదంపప్పులు.

"ఇది నాన్నకి ప్రాణం. ఆరేళ్ల కిందట మీ కొట్లోనే తీసుకున్నాడు. నోటుబుక్కులో ఏం రాశాడో చూడండి. 'నా ఇంట్లో ఉన్నవాటన్నిటిలోకీ గొప్పది.' మంచంలో ఉన్నప్పుడు ఆపిల్ దీంతోనే కోయమనేవాడు. ఇది మీదేగా బాబాయ్?"

నలభై రోజులు పట్టింది ఆ కత్తికి. నాకు బాగా జ్ఞాపకం, ఎందుకంటే నలభై రోజులూ నేను పక్కన కూర్చుని చూశాను. ఆరేళ్ల కిందటికి నా చేతిలో టీ కప్పు కూడా నిలిచేది కాదు. ఆ కత్తి సోబిర్ చేశాడు. పూర్తయ్యాక నా బల్ల మీద పెట్టి, ముద్ర కొట్టడానికి నా ముద్రసుత్తి అడిగాడు. ఇచ్చాను. "బాగుందిరా, ఇంకా కాస్త పచ్చి" అన్నాను. అవును, అదే మాట అన్నాను. వాడికి ఫాతిహా ఇస్తే వాడు వెళ్లి ఎదురుగా కొట్టు పెట్టుకుంటాడు. వాడి ముద్ర కత్తి, నా ముద్ర కత్తి పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్లుగా కంబరాలి కత్తులు ఎవరు చేస్తున్నారో బజారులో గాడిదకి కూడా తెలిసిపోతుంది. వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అనుకుంటూ నెట్టుకొచ్చాను.

ఇప్పుడు నిజం చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. కానీ అప్పుడే ఆ అమ్మాయి కళ్లలో నేను మధ్య బీరువా అంత ఎత్తు ఎదిగి ఉన్నాను.

"నాదే" అన్నాను.

మూలన ఆకురాయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"అయితే ఇది కూడా విప్పుదాం బాబాయ్!" ముయస్సర్ ఉత్సాహంగా లేచింది. "దాక్కుని చేసిన కత్తి ఒకటి, తలెత్తుకుని చేసిన కత్తి ఒకటి. రెండిటి లోపలి ఫోటోలూ పక్కపక్కన పెడతాను. ఎంత బాగుంటుంది!"

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు. పిచ్చుక కాలు కథ సోబిర్‌కి నేనే చెప్పాను. ఇరవై రెండేళ్లు ఫాతిహా రానివాడు ఆ కథ విని ఊరుకుంటాడా? వాడి గుర్తు ఏదో అక్కడ ఉండే ఉంటుంది. హైదర్ మీద నేను అరిచిన అరుపులే ఇప్పుడు నా మీదికి వస్తాయి. దొంగ, శిష్యుడి చేతులు తిన్న దొంగ.

"వద్దు వద్దు. కొమ్ము పిడి పెళుసు. పగిలిపోతుంది. మీ నాన్న ప్రాణం అంటున్నావు కదా."

"పగలదు ఉస్తా" అన్నాడు సోబిర్, అప్పటికే వచ్చి నిలబడి. "కిందటిదాని కంటే తేలిక. నాకు తెలుసు."

ఎలా తెలుసో ముయస్సర్ అడగలేదు. వాడు నా మొహంలోకి చూడలేదు. మేకులు అరగదీశాడు. తడిగుడ్డ చుట్టాడు. నిప్పుల దగ్గర పట్టాడు. వాడి గుర్తు ఏదై ఉంటుంది? పువ్వా? చందమామా? పేరే రాసుకున్నాడా? ఒక పక్క భయం. ఇంకో పక్క, దేవుడి మీద ఒట్టు, త్వరగా బయటపడితే బాగుండునని కూడా అనిపించింది. దొరికిపోతే కనీసం ఈ పదేళ్ల బరువు దిగుతుంది.

బిళ్ల లేచింది. తుడిచి కింద పెట్టాడు.

రెండు బాదంపప్పులు. వీపు వీపు ఆనించి, మేకుమొనతో గీసినవి. వణుకు లేని చెయ్యి గీసినవి.

"చూశారా!" ముయస్సర్ చప్పట్లు కొట్టింది. "లోపలా మీరే, పైనా మీరే. ఈసారి దాక్కోవాల్సిన పని లేదు కదా బాబాయ్."

"కాదమ్మా" అన్నాను. "ఇది నేను చేయలేదు. నా చేతులు చూడు. ఆరేళ్ల కిందట కూడా ఇంతే. ఇది సోబిర్ చేశాడు. నలభై రోజులు కూర్చుని చేశాడు. కార్డు మీద వాడి పేరు రాయి."

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "మీరెంత మంచివారు బాబాయ్! మీకు హైదర్‌గారు చేసిన అన్యాయం తలుచుకుని శిష్యుడికి మీ కత్తి ఇచ్చేస్తానంటున్నారు. కానీ పిడి కింది ఇనుము అబద్ధమాడదని మీరేగా చెప్పారు?"

"ఒట్టేసి చెప్తున్నాను, వాడే చేశాడు!"

"ఏమంటారు అన్నా?" అని సోబిర్‌ని అడిగింది నవ్వుతూ.

సోబిర్ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. "ఉస్తా చేతి పనే" అన్నాడు. "పిడి మళ్లీ బిగిస్తాను. ఒక్క అరగంట."

ముయస్సర్ మిగిలిన కత్తులన్నీ పెట్టెలో సర్దుకుని, ఖైరినిసా పిలిస్తే లోపలికి అన్నం తినడానికి వెళ్లింది. మేమిద్దరం మిగిలాం. వాడు మొదట హైదర్ ముద్ర ఉన్న నా కత్తికి పిడి బిగించాడు. తర్వాత ఇది చేతిలోకి తీసుకున్నాడు. కొత్త మేకులు కోసి, తలలు గుండ్రంగా కొట్టాడు.

"ఒరే సోబిర్. ఎందుకురా నాది గీశావు? నీకు కథ చెప్పాను కదా. ఎవరూ చూడని చోటు. నీదేదో ఒకటి గీసుకోవాల్సింది."

"గీసుకోవాలని లేకపోలేదు ఉస్తా. మేకు పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాను." తల ఎత్తకుండానే చెప్పాడు. "కానీ ఏం గీయను? నాకంటూ ఒక ముద్ర మీరివ్వాలి. మీరివ్వలేదు. దొంగచాటుగా పెట్టుకుంటే, ఇరవై రెండేళ్లు మీ దగ్గర నేర్చుకున్నది దొంగతనమే అయిపోతుంది. అందుకని ఉన్నదే గీశాను. అన్నిట్లోనూ అదే ఉంది."

"అన్నిట్లోనా?"

"పదేళ్లలో చేసినవన్నిట్లోనూ."

పదేళ్ల కత్తులు. ఎన్ని వందలో. ఏ ఊరికి వెళ్లాయో, ఎవరి నడుములకి వేలాడుతున్నాయో. ఏ పిడి ఎవరు విప్పినా కంబరాలి, కంబరాలి, కంబరాలి. హైదర్ నా పైముద్ర ఒక్కటే దోచుకున్నాడు. నేను వీడికి లోపలి చోటు కూడా మిగల్చలేదు.

లేచి నిలబడ్డాను. మొహల్లా పెద్దలు లేరు, నడుముకి కట్టడానికి గుడ్డ లేదు, పలావు లేదు. అయినా రెండు అరచేతులూ మొహం ముందుకి ఎత్తాను, ఫాతిహాకి ఎత్తినట్టు. "రా సోబిర్. చేతులెత్తు. ఇప్పుడే, ఇక్కడే ఇస్తాను. ముద్ర రేపే చేయిద్దాం. నీకే ముద్ర కావాలో చెప్పు."

వాడు ఆఖరి మేకు తల నున్నగా చేసి, అలుగుని గుడ్డతో తుడిచాడు. లేచి నా ఎదుటికి వచ్చాడు. వాడి చేతులు పైకి లేవలేదు. తెరిచి ఉన్న నా రెండు అరచేతుల్లో ఆ కత్తి పెట్టాడు. కింద పెట్టలేదు. చేతిలోంచి చేతిలోకి.

"అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి ఉస్తా" అన్నాడు. తోలు ముందుగుడ్డ విప్పి, మడిచి, దాగలి మీద పెట్టాడు. కుళాయి దగ్గర చేతులు మోచేతులదాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఖైరినిసా "అన్నం తినిపో నాయనా" అని పిలిచింది. "మరోసారి పిన్నీ" అని గుమ్మం దాటాడు. ఆ మరోసారి ఇంకా రాలేదు. నమంగాన్ రోడ్డు మీద ఒక గేట్లు చేసే షెడ్డులో వెల్డింగు పని చేస్తున్నాడని విన్నాను. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కళ్లకి అడ్డుపెట్టిన ఆ నల్లద్దం తీయకుండానే సలాం చెప్పాడు.

నా కొట్లో ఇప్పుడు అమ్మడానికి కత్తుల్లేవు. బేరానికి వచ్చినవాళ్లకి ఆరోగ్యం బాగాలేదని చెప్తోంది ఖైరినిసా. నాతో మాత్రం ఏమీ అనడం లేదు. అంటే బాగుండును.

మొన్న ముయస్సర్ తాష్కెంట్ నుంచి ఫోన్ చేసింది. బీరువాలు సర్దేశారట, దీపాలు పెట్టారట, వచ్చే శుక్రవారం ప్రారంభమట, కారు పంపిస్తారట.

"మధ్య బీరువాలో ఏడు కార్డుల మీద మీ పేరే బాబాయ్!"

"ఆరు" అన్నాను.

లైను సరిగ్గా లేదనుకుంది పాపం. ఇంకా గట్టిగా అరిచింది, "ఏడు బాబాయ్, ఏడు!"